బ్యాడ్జి ఎవరి సొత్తు?

లింక్డ్‌ఇన్ తెరిస్తే చాలు, రంగురంగుల బ్యాడ్జీలు. క్లౌడ్, స్క్రమ్, పైథాన్.. ఏది కావాలంటే అది. అదే మనిషి ఉద్యోగం మారితే మాత్రం కొత్త కంపెనీ వాళ్ళు అడిగేది మార్కుల లిస్టుల జిరాక్సులూ, రిలీవింగ్ లెటరూ. మరి ఇన్ని బ్యాడ్జీలు సంపాదించి ఏం లాభం?

అసలు బ్యాడ్జి అంటే ఉత్త బొమ్మ కాదండీ. మొజిల్లా వాళ్ళు 2011లో మొదలుపెట్టిన ఓపెన్ బ్యాడ్జెస్ పద్ధతిలో ఆ బొమ్మ ఫైల్లోనే ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, దేనికిచ్చారు అన్న వివరాలు పెట్టొచ్చు. ఒక సంస్థ ఇచ్చినదాన్ని ఇంకో సంస్థ ఎవరికీ ఫోన్ చెయ్యకుండా సరిచూసుకోవాలన్నదే ఉద్దేశం. మనమేమో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి రెజ్యూమేలో అతికిస్తాం. లోపలి వివరాలన్నీ గోవిందా!

ఇంకో రెండు చిక్కులున్నాయి. ఆఫీసు మెయిల్‌తో బ్యాడ్జి తీసుకుంటే, ఉద్యోగం మానేశాక అది మనదేనని నిరూపించుకోవడం కష్టం. రెండోది, పాత పద్ధతిలో చాలా బ్యాడ్జీలని ఇచ్చినవాడి వెబ్‌సైటులోనే సరిచూడాలి. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతబడితే బ్యాడ్జి కూడా దాంతోపాటే పోతుంది. 3.0 వెర్షన్‌లో డిజిటల్ సంతకం బ్యాడ్జితోనే వస్తుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

అయినా టెక్నాలజీ ఒక్కటే సరిపోదు. డిజిలాకర్ 2015లో వచ్చింది. అందులో జారీ అయిన పత్రం అసలుతో సమానమని 2017లో నిబంధనే తెచ్చారు. ఐనా "ఒరిజినల్స్ పట్టుకురండి" అనే హెచ్ఆర్‌లు ఇంకా ఉన్నారు. ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు, పుచ్చుకునేవాళ్ళే లేరు.

దీనివల్ల నష్టపోయేది పేరున్న కాలేజీల వాళ్ళు కాదు. గుడివాడ దగ్గరో, బందరు దగ్గరో చదివి, క్యాంపస్‌కి పెద్ద కంపెనీ ఏదీ రాని కుర్రాడికి కష్టపడి పాసైన ఒక పరీక్షే సిఫార్సు. దాన్ని అవతలివాళ్ళు చదవకపోతే మళ్ళీ "తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా" దగ్గరికే వస్తాం.

పనికిమాలిన బ్యాడ్జీలు కూడా బోలెడున్నాయి కదా అంటారా? నిజమే. సరిచూస్తే తేలేది ఎవరిచ్చారన్నదే, ఎంత విలువన్నది కాదు. కానీ బెజవాడలో కొన్న గొలుసుని గుడివాడలో హాల్‌మార్క్ చూసి తీసుకుంటారు. డిజైను నచ్చడం, నచ్చకపోవడం తర్వాతి సంగతి. ముందు బంగారమో కాదో తెలియాలి కదా!

ఈ రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్లు రాసేది మనలాంటివాళ్ళే. రెజ్యూమే అప్‌లోడ్ పక్కన బ్యాడ్జి తీసుకుని సరిచూసే సదుపాయం ఒకటి పెట్టడం మరీ పెద్ద పనేం కాదు. ఈలోగా మనం చెయ్యగలిగింది ఒకటుంది: ఇకనుంచైనా బ్యాడ్జీలు సొంత మెయిల్‌తోనే తీసుకుందాం. కష్టపడింది మనం, కంపెనీ కాదు :)