ఇరవై ఎనిమిది నిండకుండానే...

మా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గురించి విదేశాల్లో కూడా తెలుసు. దామెర్ల రామారావు గురించి మాత్రం మన రాష్ట్రంలోనే చాలామందికి తెలీదు.

1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన, ఈ కుర్రాడి చేతిలో ఏముందో ముందే పసిగట్టారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. చదువయ్యాక అక్కడే సెటిలైపోవచ్చు. కానీ సొంతూరికి తిరిగొచ్చి, చిత్రకళాశాల పెట్టి, కుర్రాళ్లకి బొమ్మలు నేర్పారు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటి చిత్రాలు గీశారు.

1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మనలో చాలామందిమి కెరీర్ ఇంకా మొదలే కాలేదనుకునే వయసు అది!

ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా, ఎదురుగా నిలబడి చూసినట్టు ఉండదు. ఈసారి గోదావరి చూడ్డానికి వెళ్తే, ఓ అరగంట అటు కూడా వెళ్లండి. నీటిరంగులు మా ఊరి రాయి లాంటివి కావు. వాటికీ వయసవుతుంది. చూసేవాళ్లు, అడిగేవాళ్లు ఉంటేనే వాటిని కాపాడాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.