చింత చచ్చినా...

"మాస్టారూ, పని అయిపోయిందని లోకం తేల్చేసిన పాటగాణ్ణి మనం ఎందుకు వినాలండీ?" అని మొన్న మా విద్యార్థి ఒకడు అడిగాడు. వాడి చేతిలో స్లై స్టోన్ మేళం రికార్డుల జాబితా ఉంది. పై నాలుగైదింటికీ గుర్తులు పెట్టి, అడుగున ఉన్నవాటిని ఒక్క గీతతో కొట్టేశాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆ "ఫామిలీ స్టోన్" సామాన్యమైన మేళం కాదు. నల్లజాతివారూ తెల్లజాతివారూ, ఆడవారూ మగవారూ ఒకే వేదిక మీద వాయించారు. సింథియా రాబిన్‌సన్ ట్రంపెట్ ఊదేది. లారీ గ్రహామ్ బేస్ గిటారు తీగను బొటనవేలితో కొట్టి, దానిచేత మద్దెల పని కూడా చేయించేవాడు. 1969లో "స్టాండ్" రికార్డు, వుడ్‌స్టాక్ సభ. 1971లో "దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్" అమెరికాలో అగ్రస్థానానికి ఎక్కింది. ఇంకేం కావాలి?

కాని మాదకద్రవ్యాలు పట్టుకున్నాయి. జనం కచేరీకి వస్తే నాయకుడు రాడు! డ్రమ్ములు వాయించే గ్రెగ్ ఎరికో 1971లోను, గ్రహామ్ 1972లోను తప్పుకున్నారు. 1975లో మేళం చెదిరిపోయింది. 1976 నాటి రికార్డు పేరుకు అర్థమేమిటో తెలుసునా? "నాకోసం బెంగపడ్డారట, ఇదుగో వచ్చాను" అని. వచ్చాడు గాని, వాకిట్లో ఎదురుచూసేవారేరీ? 1979లో మళ్లీ సరైన దారిన పడ్డానన్నాడు. ఆ మాటా జనం చెవిని పడలేదు.

అవన్నీ ఆణిముత్యాలని నేననను. పేలవమైనవీ ఉన్నాయి. మార్కులు దానం చేయడం నా వృత్తికే చేటు. కాని మొదటి పేజీలు చూసి చివరి పేజీలు దిద్దకుండా వదిలేయడమూ న్యాయం కాదు గదా! 1974 నాటి "స్మాల్ టాక్" తీసుకోండి. అట్టమీద భార్యాబిడ్డలతో ఉన్నాడు. పాటల్లో వయొలిన్ చేరింది. వేలమందిని లేపి నిలబెట్టిన గొంతు, ఉయ్యాల పక్కన కూర్చున్నట్టు మెల్లగా పలుకుతుంది. 26 ఏళ్లనాటి హోరు అందులో వెతికితే దొరకదు. అది అక్కడ పెట్టలేదు మరి.

స్లై స్టోన్ 2025 జూన్‌లో, 82వ ఏట పోయాడు. మనం గుర్తుంచుకున్నవి నాలుగైదేళ్లు. మిగతా ఏళ్లు అతను బ్రతకలేదా?

మావాడు జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. గీత చెరిపాడో లేదో నేను అడగలేదు. చింత చచ్చినా పులుపు చావదని మనం వెక్కిరింపుగానే అంటాం. చారు కాచేవాళ్లను అడగండి, ఆ పులుపు విలువ చెబుతారు.