ఏ కాలపు మల్లుడు మేటి?

1956లో అజేయుడుగా విరమించిన మార్సియానో, 1964లో హెవీవెయిట్ విజేతయైన మహమ్మద్ అలీ నిండుప్రాయంలో తలపడివుంటే జయమెవ్వరిది? ఆత్మకూరు విద్యార్థులకైనా, అమెరికా విమర్శకులకైనా ఈ ముష్టియుద్ధచర్చ ముచ్చటైనదే. 1970లో ప్రదర్శితమైన చలనచిత్రంలో కంప్యూటరు లెక్కలు వేసి, మార్సియానోకు 13వ రౌండులో విజయం కట్టబెట్టింది. కాని గడచిన పోరాటాల అంకెలు జరుగని పోరాటానికి సాక్ష్యమీయగలవా?

మన నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ సంగతే చూడండి. 2019 ఎంపికపోటీలో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. ఆ అంకెలే తుదితీర్పైతే ఆమె కథ అక్కడే ముగియవలసినది. 2022లో ఆమె ప్రపంచవిజేత అయినది! మూడేండ్లలోనే మనిషి ఇంతగా మారగా, యుగాల మధ్య పందెం వినోదానికే తగును.

“మా కాలపు విద్యార్థులే మేలు” అనే ఉపాధ్యాయులు సైతం ఇది గమనింపదగినది. నేటి బాలుని వెనుకటి తరంతో తూచక, నిరుటి అతనితోనే తూచుట న్యాయం.