సైకిలు కొట్టు రచ్చబండ

సైకిలును గూర్చి వ్రాయబూనినవాడు ముందుగా ఒక సంజాయిషీ చెప్పుకొనవలసిన కాలమిది. 1982లో నందమూరి తారక రామారావుగారు స్థాపించిన తెలుగుదేశం పార్టీకి ఎన్నికల గుర్తు సైకిలు. ఉత్తరప్రదేశమున సమాజవాదీ పార్టీకిని అదియే గుర్తు. కనుక సైకిలును పొగడినచో వీడొక పక్షమువాడనియు, సైకిలు చక్రములో గాలి లేదన్నచో మరియొక పక్షమువాడనియు చదువరులు తలపవచ్చును. నేను చెప్పబోవు సైకిలు ఏ జెండాకును చెందినది కాదు. రెండు చక్రములు, ఒక గొలుసు, ఒక గంట కలిగి, త్రొక్కినవాని బలముచేతనే నడచు సామాన్యమైన బండి యది. దానిని బాగుచేయు కొట్టుకడ నేను నేర్చిన పాఠమొకటి కలదు. ఉపాధ్యాయులకును విద్యార్థులకును అది పనికివచ్చునను నమ్మకముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కృష్ణా డెల్టాలో బందరు కాలువకు చేరువనున్న చిన్న ఊరు మాది. 1960వ దశకమున, నేను బడిలో చదువుకొను దినములలో, మా ఊరికి రచ్చబండలు రెండుండెడివి. ఒకటి రావిచెట్టు క్రింది అరుగు. అచట పెద్దలు కూర్చుండెడివారు. రెండవది బస్సులు ఆగుచోటనున్న సైకిలు కొట్టు. అచట ఎవడైనను నిలుచుండవచ్చును. తాటాకు పంచ, గోడకు వ్రేలాడు పాత టైర్లు, ఒక గాలి పంపు, సగము నీటితో నిండిన ఇనుప తొట్టి, గంటకింత యని అద్దెకిచ్చు నాలుగైదు సైకిళ్లు, ఆ అద్దె లెక్క వ్రాయు పలక - ఇదియే దాని సంపద. బెజవాడనుండి మొదటి బస్సులో పత్రికల కట్ట దిగగానే, ఒక కుర్రవాడు దానిని సైకిలు వెనుక కట్టుకొని ఊరిలో పంచుటకు బయలుదేరుచు, ఒక ప్రతిని కొట్టులో పడవేసి పోయెడివాడు. దానిని చదువువాడొకడు, వినువారు పదిమంది.

చదువుట ముగియగానే వాదము మొదలయ్యెడిది. కాలువకు నీరు ఎప్పుడు వదలుదురు, బియ్యము ధర ఏల పెరిగినది, ఈసారి ఓటు ఎవరికి - ఇవియే ప్రసంగములు. ఆ వాదమునకొక విశేషము కలదు. అచట చేరినవారిలో పెక్కుమంది ఏదో ఒక ఊరినుండి సైకిలు త్రొక్కుకొని వచ్చినవారు. పాలు పోయువాడు, ఉత్తరములు పంచువాడు, చీరల మూటతో ఊరూర తిరుగువాడు, ప్రక్క ఊరి బడికి పోవు పంతులుగారు - వీరికి పది ఊళ్ల దారులు తెలియును. ఫలానా చోట కాలువకు గండి పడినదని పత్రికలో చదివినచో, "నేను ఆ దారినే వచ్చాను. గండి కాదు, కట్టమీద మట్టి జారింది, అంతే" యని చెప్పగలవాడు ఆ గుంపులో నుండెడివాడు. ఒక్కొక్కప్పుడు పత్రిక వ్రాసినదానికంటె నష్టమెక్కువయని చెప్పువాడును ఉండెడివాడు. అచ్చులో వచ్చిన మాటయు, కన్ను చూచిన సంగతియు ఒకే పంచ క్రింద ఎదురెదురుగా నిలిచెడివి.

ఆ కొట్టు యజమాని చదివినది ఐదవ తరగతి. ఐనను వార్తను ఎట్లు వినవలెనో నాకు నేర్పినవాడు ఆయనయే. నేర్పుచున్నానని మాత్రము ఆయన యెరుగడు. చక్రములో గాలి పోయినదని వచ్చినవారు, "ముల్లు గుచ్చుకుందండీ, ఇదిగో, ఇక్కడే" యని చోటు చూపెడివారు. ఆయన వారి మాటను కాదనెడివాడు కాడు, నమ్మెడివాడును కాడు. టైరు విప్పి, ట్యూబు వెలికి దీసి, గాలి కొట్టి, కొంచెము కొంచెముగా తొట్టినీటిలో ముంచుచు చుట్టంతయు త్రిప్పి చూచెడివాడు. బుడగ లేచినచోటనే రంధ్రము. పలుమారులు వారు చూపిన చోట ఏమియు నుండదు. రెండు జానల దూరమున బుడగలు వచ్చును. ఒక్కొక్కప్పుడు ట్యూబులో రంధ్రమే యుండదు. ఎవడో ఆకతాయి పిల్లవాడు వాల్వు వదులుచేసి గాలి తీసియుండును. "గాలి పోయిందంటే పంక్చరేనని ఎవరు చెప్పారు?" అని ఆయన నవ్వెడివాడు. రంధ్రము దొరకిన పిదప గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, అతుకు వేయుటకు ముందు కొంతసేపు ఆరనిచ్చెడివాడు. తొందరపడువారితో, "తడి మీద వేస్తే నిలవదు, బాబూ" అనెడివాడు. అతుకు వేసిన తరువాత మరల ఒకసారి నీటిలో ముంచి చూచినగాని ట్యూబును టైరులోనికి ఎక్కించెడివాడు కాడు.

వార్తను పరీక్షించుటకు ఇంతకంటె మంచి పద్ధతిని నేను ఏ గ్రంథములోను చదువలేదు. చెప్పినవాని మాటను త్రోసివేయరాదు. ఆ మాటతోనే ఆగిపోరాదు. చుట్టంతయు త్రిప్పి చూడవలెను. నిర్ణయించుటకు ముందు కొంత ఆరనీయవలెను. మనము వేసిన అతుకును సైతము మరల నీటిలో ముంచి చూచుకొనవలెను.

ఈ పాఠమును మరచుటవలన కలుగు నష్టమెట్టిదో 2019లో నేను కన్నులార చూచితిని. ఆ యేడు ఏప్రిల్ 11వ తేదీన ఆంధ్రప్రదేశమున శాసనసభకును లోక్‌సభకును ఒకేదినమున పోలింగు జరిగినది. అంతకు ముందునుండియే ఫోనులలో ఒక సందేశము తిరుగుచుండెను. ఓటర్ల జాబితాలో పేరు లేకున్నను, ఆధార్ కార్డో ఓటరు కార్డో చూపి, 49ఎ నిబంధన క్రింద 'ఛాలెంజి ఓటు' అడిగి వేయవచ్చునట. ఒక పోలింగు కేంద్రమున టెండరు ఓట్లు నూటికి 14కు మించినచో అచట మరల పోలింగు జరుపుదురట. నిబంధన సంఖ్య కలదు, శాతము కలదు. ఇక సందేహింపవలసిన దేమున్నదని జనము తలచిరి.

మా వీధిలో కూలిపని చేసికొను ఒక పెద్దమ్మ అంతకు ముందే ఇల్లు మారినది. పేరు చేర్పించుకొనుటకు ఇంకను గడువుండగానే, జాబితాలో పేరున్నదో లేదో చూపించుకొమ్మని ఆమెకు చెప్పితిని. "లేకపోయినా కార్డు చూపిస్తే వేయనిస్తారంట, మాస్టారూ. మా మనవడి ఫోన్లో వచ్చింది" అని ఆమె నిశ్చింతగా పలికెను. నేను ఎన్నికల విధులు చేసినవాడను. జాబితాలో పేరు లేనిదే ఓటు లేదని యెరిగినవాడను. ఐనను ఆ నిబంధన సంఖ్య విని, నేను ఉద్యోగము విరమించిన తరువాత పద్ధతి మారినదేమోయని సందేహించి, ఊరకుంటిని. పోలింగునాడు ఆమె ఎండలో వరుసన నిలిచి, లోనికి పోయి, ఓటు లేక తిరిగి వచ్చెను. "మళ్లీ ఐదేళ్లకి ఉంటానో ఉండనో" అని ఒక్క మాట అనెను. ఆ సందేశమును వ్రాసినవాడు ఆమె ముఖమును చూడలేదు; నేను చూచితిని.

ఇంటికి పోయి నిబంధనలను తెరచితిని. ఆ పని ముందే చేసియుండవలసినది. జాబితాలో పేరు లేనివారు ఏ కార్డు చూపినను ఓటు వేయరాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 62వ సెక్షను చెప్పునది అదియే. 'ఛాలెంజి' యనునది ఓటరు కోరుకొను ఓటు కాదు. వచ్చినవాడు ఫలానా ఓటరు కాడని పోలింగు ఏజెంటు రెండు రూపాయలు చెల్లించి తెలుపు అభ్యంతరము. మన పేరుతో వేరొకడు ముందే ఓటు వేసి పోయినచో, అధికారి విచారించి మనకొక కాగితపు బ్యాలెట్టు నిచ్చును. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలలో 49పి చెప్పు టెండరు ఓటు అది. నూటికి 14 అను లెక్క వానిలో ఎక్కడను లేదు. ఇక 49ఎ నిబంధన ఓటింగు యంత్రముల రూపకల్పనకు సంబంధించినది! సందేశములోని పదములన్నియు చట్టములోనివే. కూర్పు మాత్రము అబద్ధము. వేలు చూపిన చోట రంధ్రము లేదు.

ఎన్నికల విధులకు పోయిన ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలియును: పోలింగు మొదలగుటకు ముందు ఏజెంట్ల యెదుట కనీసము 50 ఓట్లతో నమూనా పోలింగు జరిపి, లెక్క సరిచూచి, ఆ ఓట్లను తుడిచివేసిన పిదపనే యంత్రము పనిలోనికి వచ్చును. ఓటు వేసినవారికి వీవీప్యాట్ అద్దములో గుర్తుగల చీటీ ఏడు సెకండ్లు కనబడును. యంత్రమును ఇంతగా పరీక్షించు మనము, ఆ యంత్రముమీద మన వ్రేలిని నడిపించు వార్తను ఒక్కసారియైన నీటిలో ముంచి చూడవలదా?

పాతకాలమంతయు బంగారమని నేననను. సైకిలు కొట్టుకడను పుకార్లు పుట్టెడివి. కులమును చూచి ఓటు నిర్ణయించుకొనువారును, ఆసామి చెప్పిన గుర్తునకు వేసి వచ్చువారును అచట నుండిరి. అన్నింటికంటె పెద్ద లోపము మరియొకటి: ఆ పంచ క్రింద ఒక్క స్త్రీ నిలిచి మాటలాడుట నేనెన్నడును చూడలేదు. సైకిలు త్రొక్కు ఆడపిల్లయు ఆనాడు మా ఊరిలో లేదు. వారికి వార్త మగవాని నోట వచ్చెడిది. ఎవరికి ఓటు వేయవలెననునదియు తరచుగా ఆ నోటనే వచ్చెడిది. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు జాబితాలు కూర్చునప్పుడు, దేశమున సుమారు 28 లక్షలమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యననియో కూతురుననియో మాత్రమే వ్రాయించుకొనుటచే జాబితాలకెక్కలేదు. తన పేరు తాను చెప్పుకొననిదే ఓటు రాదని దేశమునకు ఆనాడే తెలిసినది.

1990వ దశకారంభమున తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము నడచినప్పుడు, వేలకొలది గ్రామీణ స్త్రీలు చదువుతోపాటు సైకిలు త్రొక్కుటయు నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చు పథకమును ప్రారంభించెను. ఇది కేవలము ప్రయాణ సౌకర్యము కాదు. తనంత తాను పోయి చూచి రాగలిగిన మనిషి ఇంకొకరు చెప్పినదే సత్యమని బ్రతుకనక్కరలేదు.

నేడు మా ఊరి కొట్టులో అద్దె సైకిళ్లు లేవు. మోటారు సైకిళ్లకు గాలి పట్టు యంత్రము కలదు. హైదరాబాదులో 2023లో బాహ్యవలయ రహదారి వెంబడి, సౌరఫలకములే కప్పుగా, 23 కిలోమీటర్ల సైకిలు బాటను తెరచిరి. సంతోషమే, ఆరోగ్యముకొరకు త్రొక్కువారికి నీడ దొరకినది. కాని పనికొరకు త్రొక్కుచు ఊరూర తిరిగి మాట మోసికొనివచ్చు మనిషి తగ్గిపోయినాడు. ఒక ప్రతిని పదిమంది వినినచోట, పదిమంది పది ఫోనులను చూచుచున్నారు. ఎవనికి ఏది నచ్చునో దానినే వాని ఫోను మరల మరల వానికి చూపుచున్నది. "నేను ఆ దారినే వచ్చాను" అని అడ్డుపడువాడు ఆ ఫోనులో లేడు. ఫోనును నిందించుట నా ఉద్దేశము కాదు. జాబితాలో మన పేరున్నదో లేదో ఎన్నికల సంఘమువారి పుటలో చూచుకొనుటకును ఆ ఫోనే సాధనము. అది తొట్టియు కాగలదు, ముల్లును కాగలదు.

ఉపాధ్యాయులకు నా మనవి యొకటి. ప్రార్థన సమయమున పిల్లలచేత వార్తలు చదివించు ఆచారము మన బడులలో కలదు. చదివించి ఊరకొనక, వారమున కొక్కదినమైన ఒక్క వార్తను తీసికొని, ఇది ఎవరు చెప్పినారు, ఎప్పుడు చెప్పినారు, చూచినవారెవరు, కాదనువారేమనుచున్నారు అని నాలుగు ప్రశ్నలు వేయింపుడు. ఆ ఊరి సంగతియైనచో ఒక పిల్లవానిని, ఒక పిల్లను సైకిలుపై పోయి చూచి రమ్మనుడు. వారు తెచ్చిన మాటను అందరియెదుట చెప్పింపుడు.

విద్యార్థులకును ఒక మాట. ఓటు హక్కు వయస్సు 21నుండి 18కి తగ్గినది 1989లో, రాజ్యాంగపు 61వ సవరణవలన. 2022నుండి, 17 ఏండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసికొనవచ్చును; జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలలో దేనినాటికి 18 నిండినను పేరు చేర్తురు. ఒక్క ఓటుతో ఏమగునని కొందరు మీతో చెప్పుదురు. ఒక్క ఓటు పోయిన మనిషి ముఖమును చూచినవాడు ఆ మాట అనలేడు.

సీటునకు కాలందని వయస్సున, కమ్మీ క్రిందుగా కాలు దూర్చి సగము చుట్టు త్రొక్కుచు మేము సైకిలు నేర్చుకొంటిమి. వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తిన అన్నగారు మేము ఏ వీధికి పోవలెనో చెప్పలేదు. ఎదుట చూచుట, గంట కొట్టుట, బ్రేకు పట్టుట నేర్పి చేయి విడిచిరి. ఓటు విషయమున ఉపాధ్యాయుని ధర్మమును అంతవరకే. పట్టుకొనకుండుటయు తప్పే, విడువకుండుటయు తప్పే.

ఆ పెద్దమ్మ పేరు తరువాత జాబితాలో చేరినది. ఫారము నింపినవాడు ఆ మనవడే. నింపి, చేరినదో లేదో రెండుసార్లు చూచి, వచ్చి నాకు చెప్పెను. 2024 మే 13వ తేదీన ఆమె ఓటు వేసి, వ్రేలిమీది సిరా గుర్తును నాకు చూపెను. ఎవరికి వేసినదో నేను అడుగలేదు.