కంటికి ఆనే రంగు

ప్రాచీన ఆలంకారికులు చెప్పిన అష్టవిధ నాయికలలో అభిసారిక ఒకతె. ప్రియుని కలుసుకోవడానికి రాత్రివేళ ఒంటరిగా సంకేతస్థలానికి బయలుదేరే ఈ నాయిక లోకుల కంట పడరాదు. అందుకే చీకటి రాత్రి అయితే నల్లని చీర కట్టి, నీలమణుల నగలు తొడిగి, కస్తూరి పూసుకొంటుంది. వెన్నెల రాత్రి అయితే తెల్లని వలువ, ముత్యాల సరాలు, మల్లెపూలు, మంచిగంధం ధరిస్తుంది. కావ్యాలలో ఇది శృంగార వర్ణనే. అయినా దానిలో కంటికి సంబంధించిన ఒక సత్యం ఇమిడి ఉంది. వస్తువు రంగు, దాని వెనుకనున్న పరిసరాల రంగు ఒక్కటైతే కన్ను ఆ వస్తువును పోల్చుకోలేదు. రెండింటికీ భేదం ఎంత ఎక్కువగా ఉంటే వస్తువు అంత త్వరగా కంటికి ఆనుతుంది. అభిసారిక ఈ సూత్రాన్ని దాగడానికి వాడుకొన్నది. ప్రాణం కాపాడుకోవడానికి దానినే తిరగవేసి వాడుకోవలసిన స్త్రీలు నేటి నగరాలలో ఉన్నారు.

హైదరాబాదు పాతబస్తీ తెల్లవారుజామున నాలుగు గంటలకు ఎలా ఉంటుందో చూసినవారు తక్కువ. మదీనా కూడలి నుంచి పత్తర్‌గట్టి మీదుగా గుల్జార్ హౌజ్, చార్మినార్ వరకు, అక్కడినుంచి శాలిబండ వైపు సాగే దారిలో దుకాణాలు పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. రంజాను మాసంలోనైతే బజారు సహరీ వేళ దాకా మేలుకొనే ఉంటుంది. పండ్లబండ్లు, గాజుల దుకాణాలు, అత్తరు అంగళ్లు సర్దుకొన్న తరువాత వీధి నిండా అట్టపెట్టెలు, పండ్ల తొక్కలు, కాగితాలు, టీ కప్పులు మిగులుతాయి. జనం వెళ్లిపోయాక పొడుగుకర్ర చీపుళ్ల చప్పుడు మొదలవుతుంది. సూర్యోదయానికి దారి అద్దంలా ఉండాలి. 1591లో కట్టిన చార్మినార్‌ను కేంద్రప్రభుత్వం దేశంలోని స్వచ్ఛ దర్శనీయ స్థలాల రెండవ విడత జాబితాలో చేర్చింది. ఆ స్వచ్ఛతను చూడడానికి వచ్చే యాత్రికుడు దానిని సాధించినవారిని చూడడు. వారు అప్పటికే ఇళ్లకు వెళ్లి ఉంటారు. యాత్రికుడు చూడకపోయినా నష్టం లేదు. వాహనం నడిపేవాడు చూడకపోతేనే ప్రాణాపాయం. వేకువన రోడ్డు ఊడుస్తున్న కార్మికురాలిని బండి ఢీకొన్నదన్న వార్త ఈ నగరానికి కొత్త కాదు.

నేలమీద ఈ విషయాన్ని ఎంత తేలికగా తీసుకొంటున్నామో తెలియాలంటే ఒకసారి ఆకాశం వైపు చూడాలి. నగరానికి ఉత్తరాన దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. అక్కడ శిక్షణకు వాడే పిలాటస్ విమానాలకు ఎరుపు, తెలుపు రంగులు వేస్తారు. అది కేవలం అలంకారం కాదు. కొత్తగా నేర్చుకొంటున్నవాడి విమానం దూరం నుంచే ఇతరులకు కనబడాలి. విమానాలలో సమాచారాన్ని నమోదు చేసే పెట్టెను అందరూ బ్లాక్ బాక్స్ అంటారు. నిజానికి దాని రంగు నారింజ. శిథిలాలలో వెతికేవారి కంటికి అది చప్పున దొరకాలి.

పారాచూట్‌తో దూకేవారి ఆలోచన ఇంకా సూక్ష్మమైనది. గొడుగు రంగు, దుస్తుల రంగు, శిరస్త్రాణం రంగు ఎంచుకొనేటప్పుడు అందంతోపాటు మూడు విషయాలు చూస్తారు. మొదటిది, గాలిలో పక్కనే దూకుతున్నవాడికి తాను కనబడాలి. రెండవది, నేలమీద నిలిచి గమనించేవారికి తాను ఎక్కడ దిగుతున్నదీ తెలియాలి. మూడవది, ప్రధాన గొడుగు సరిగా విచ్చుకోనప్పుడు దానిని వదిలేసి రెండవ గొడుగుతో దిగుతారు. వదిలేసిన గొడుగు గాలికి కొట్టుకొనిపోయి ఏ పంటచేలోనో పడుతుంది. అది ఆకుపచ్చదైతే వరిచేలో వెదకడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. విమానం నుంచి అత్యవసరంగా బయటపడే సైనికుల కోసం ఒక కాలంలో నాలుగు రంగుల గుడ్డముక్కలతో పారాచూట్లు కుట్టేవారు. నారింజ, తెలుపు రంగులు రక్షించవచ్చేవారికి కనబడడానికి. ముదురాకుపచ్చ, ఇసుక రంగులు శత్రుభూమిలో దాగడానికి. అభిసారిక చీర, ఆమెను వెదికే దివిటీ రెండూ ఒకే మూటలో ఉన్నాయన్నమాట!

ఆకాశంలో దూకడం కొందరికి ఉత్సాహం, కొందరికి వృత్తి. వారికోసం ఇంత విచారణ జరిగింది. రోడ్డు ఊడ్చే మనిషికి ఇచ్చే అంగీ విషయంలో మాత్రం రంగు అనేది తరచుగా గుర్తింపుచిహ్నంగా మారిపోతుంది. ఏ రంగు ఏ విభాగానిది, దానిమీద ఏ పేరు రాయాలి, ధర ఎంత అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. ఆ రంగు ఎవరి కంటికోసం అన్న ప్రశ్న రావలసినంత ముందు రాదు.

వేకువ చూపుకు ఒక స్వభావం ఉంది. చెక్ దేశస్థుడైన పుర్కిన్యే అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దం తొలి భాగంలో దీనిని గమనించాడు. పగటి వెలుగులో ఎర్రగా మెరిసే పూలు మసకవెలుగులో నల్లబారినట్లు కనిపిస్తాయి. అదే సమయంలో వాటి ఆకుల పచ్చదనం తేటగా ఉంటుంది. వెలుగు తగ్గుతున్న కొద్దీ కన్ను ఎరుపును ముందుగా వదులుకొంటుందని దీని అర్థం. పగటిపూట మానవనేత్రం 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతికి, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చకు ఎక్కువగా స్పందిస్తుంది. చీకటి పడ్డాక ఆ స్పందన నీలం కలిసిన ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అందుచేత పగలు అందరి దృష్టినీ ఆకర్షించే ముదురు ఎరుపు వేకువజామున నమ్మదగిన రంగు కాదు.

ప్రతిదీప్తి గల రంగులు, అంటే కాంతి పుట్టిస్తున్నట్లు తోచే నిమ్మపసుపు, నారింజ బట్టలు, దీనికి కొంత పరిహారం. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను గ్రహించి కనబడే కాంతిగా మారుస్తాయి. తెల్లవారేటప్పుడు, మబ్బు పట్టినప్పుడు వీటి మేలు ఎక్కువ. నడిరాత్రి దీపాల వెలుగులో ఆ శక్తి చాలావరకు తగ్గిపోతుంది. అర్ధరాత్రి పనికి, ఉదయం ఆరు గంటల పనికి ఒకే అంగీ ఇచ్చి చేతులు దులుపుకొనేవారు ఈ తేడాను గుర్తించడం లేదు.

పాతబస్తీలో మరొక చిక్కు. అక్కడి వీధి అసలే రంగులమయం. ఆటోలు పసుపు, అడ్డంగా నిలిపే పోలీసు కంచెలు పసుపు, దుకాణాల నామఫలకాలు ఎరుపు, ఆకుపచ్చ. వీటి మధ్య ఒక నారింజ అంగీ మరొక ఫలకంలా కలిసిపోగలదు. కాబట్టి ఒక్క రంగును నమ్ముకోవడం కంటే పక్కపక్కనే విరుద్ధమైన రెండు రంగులు, అంటే నిమ్మపసుపు నేలమీద నారింజ అంచు, ఉండడం మేలు.

ఇక చీకటిలో నిజంగా కాపాడేది రంగు కాదు, అంగీమీద కుట్టిన వెండిరంగు పట్టీ. దీనిని జనం రేడియం పట్టీ అంటారు. 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న రేడియానికి, దీనికి ఏ సంబంధమూ లేదు. పూర్వం గడియారాల ముళ్లు చీకటిలో మెరవడానికి రేడియం పూసేవారు. ఆ పేరు మెరిసే ప్రతిదానికీ అంటుకొన్నది. ఈ పట్టీలో ఉన్నవి సూక్ష్మమైన గాజుపూసలు లేదా ముప్పలకల కణికలు. లాడ్‌బజారులోని లక్కగాజులకు పొదిగిన అద్దపుముక్క తనమీద పడిన వెలుగును ఎటో విసిరేస్తుంది. ఈ పూస మాత్రం వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో తిరిగి ఆ దిక్కుకే పంపుతుంది. వాహనం దీపం, నడిపేవాడి కన్ను దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక పట్టీ అతనికి దూరం నుంచే జ్వలిస్తుంది. దీపం వెలగని బండికి మాత్రం ఇది నిరుపయోగం. 2017 ఏప్రిల్ నుంచి మనదేశంలో కొత్త ద్విచక్రవాహనాలకు ఎప్పుడూ వెలిగే దీపం తప్పనిసరి చేయడం ఈ దృష్టితో చూస్తే కార్మికులకూ ఉపకారమే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ముందున్నది మనిషి అని పోల్చుకోవడంలో రెండు సెకన్లు ఆలస్యమైతే, బ్రేకుమీద కాలు పడేలోగా అది 34 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. కనుక ఏదో మెరిసింది అనిపిస్తే చాలదు. మనిషి అని తెలియాలి. ఛాతీమీద మాత్రమే పట్టీ ఉంటే దూరానికి అది గోడకు అంటించిన కాగితం కావచ్చు, ఆగిన బండి కావచ్చు. మణికట్టుల దగ్గర, చీలమండల దగ్గర పట్టీలుంటే అవి నడకతో, చేతుల ఊపుతో కదులుతాయి. ఆ కదలికను చూడగానే మెదడు అది మనిషి అని గుర్తిస్తుంది.

ఊడ్చే మనిషి నిటారుగా నిలబడదు. ముందుకు వంగుతుంది. వంగినప్పుడు ఛాతీమీది పట్టీ నేలను చూస్తుంది. వీపుమీది పట్టీని భుజం మీదుగా చుట్టుకొన్న పైట కప్పేస్తుంది, లేదా దుమ్ముకు అడ్డంగా కట్టుకొన్న గుడ్డ కొస కప్పేస్తుంది. వీపు మధ్యభాగం, అంటే వెనుకనుంచి వచ్చే వాహనానికి బాగా కనబడేచోటు, తరచుగా పెద్ద అక్షరాల పేర్లకు అంకితమవుతుంది. కార్మికురాలి వీపు ప్రకటనల పలక కాదు. అక్షరాలను భుజం మీదికి మార్చి, వీపును పట్టీకి వదలాలి. నిలబడిన పురుషుని కొలతలకు కుట్టిన అంగీని చీర కట్టుకొని వంగి పనిచేసే స్త్రీకి ఇవ్వడంలోనే సగం లోపం ఉంది. చేతుల చుట్టూ, నడుము చుట్టూ, చీర అంచు దగ్గర కాళ్లకు చుట్టుకొనే పట్టీలు ఆమెకు సరిపోతాయి. చీపురు కర్రకు కూడా రెండుచోట్ల పట్టీ అంటించవచ్చు. వీధిలో అందరికంటే ఎక్కువగా కదిలేది ఆ కర్రే కదా! చెత్తబండికి నాలుగు మూలలా అంటించాలని వేరే చెప్పనవసరం లేదు.

వేగంగా, మద్యం తాగి నడిపేవాడిని వదిలి, బాధితురాలి దుస్తుల గురించి మాట్లాడడమేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. ప్రమాదానికి బాధ్యుడు నడిపేవాడే. పట్టీ లేదన్న సాకుతో అతని తప్పు తగ్గదు, ఆమె కుటుంబానికి రావలసిన పరిహారమూ తగ్గరాదు. కాని అందరి స్వభావమూ మారేదాకా ఆమె ప్రతి వేకువా వీధిలోకి రావలసిందే. కార్మికులే అంగీ తొడుక్కోరన్నది మరొక వాదం. మే నెలలో గాలి చొరని మందపు గుడ్డ తొడుక్కొని చీపురు పట్టమంటే ఎవరు మాత్రం తొడుక్కొంటారు? వలగుడ్డతో కుట్టిన పలుచని అంగీ ఇచ్చి చూసిన తరువాత ఆ మాట అంటే వినవచ్చు.

2013లో వెలువడిన ఐఎస్ఓ 20471 ప్రమాణం ఇలాంటి దుస్తులకు ప్రతిదీప్తి గల పసుపు, నారింజ కలిసిన ఎరుపు, ఎరుపు అనే మూడు రంగులనే అనుమతించింది. పట్టీ వెడల్పు 50 మిల్లీమీటర్లకు తగ్గరాదన్నది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15809 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అంటే నియమాలు కొత్తగా రాయనక్కరలేదు. మరచిపోయేది ఉతుకు సంగతి. రోజంతా దుమ్ములో మునిగిన అంగీని ప్రతిరోజూ ఉతకాలి. ఉతికిన కొద్దీ గాజుపూసలు రాలి పట్టీ మొద్దుబారుతుంది. ఎన్ని ఉతుకుల దాకా పనిచేస్తుందో మంచి తయారీదారులు అంగీ లోపలి చీటీమీద ముద్రిస్తారు. ఆ లెక్క ప్రకారం పాతది తీసుకొని కొత్తది ఇవ్వాలి. మనిషికి రెండు జతలుండాలి. పగటిపూట చూస్తే పాత పట్టీ, కొత్త పట్టీ ఒకేలా బూడిదరంగులో ఉంటాయి. తేడా రాత్రి దీపం ముందే బయటపడుతుంది.

అందువల్ల అంగీల నమూనాలను కార్యాలయంలో బల్లమీద పరచి, ట్యూబ్‌లైటు కింద ఎంపిక చేయడం సరికాదు. ఎంపిక చేసే అధికారి ఒక తెల్లవారుజామున నయాపూల్ వైపు నుంచి ఆటోలో ముందుసీటు పక్కన కూర్చొని రావాలి. మదీనా కూడలి దాటాక పత్తర్‌గట్టి కమానుల నీడలో నలుగురు స్త్రీలు నాలుగు రకాల అంగీలు తొడుక్కొని, వంగి ఊడుస్తూ ఉండాలి. ఎవరు ఎంత దూరం నుంచి కనబడ్డారో ఆయన కాదు, ఆటో నడిపే అతను చెప్పాలి.