ఓటు అందరిదీ, సీటు కొందరిదేనా?

2024లో ఒడిశా శాసనసభ ఎన్నికల్లో బిజూ జనతాదళ్‌కు 40.22 శాతం ఓట్లు, భారతీయ జనతా పార్టీకి 40.07 శాతం ఓట్లు వచ్చాయి. ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీకి 51 సీట్లు, తక్కువ వచ్చిన పార్టీకి 78 సీట్లు దక్కాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు 175 స్థానాల్లో 11 మాత్రమే వచ్చాయి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో తమిళనాడులో డి.ఎం.కె.కు 23 శాతానికి పైగా ఓట్లు పడినా ఒక్క సీటూ రాలేదు. ఈ పార్టీల మీద జాలితో మేము ఈ మాట అనడం లేదు. వాటికి ఓటేసిన లక్షలాది మంది మాట సభలో ఎంత వినిపిస్తోందన్నదే మా ప్రశ్న.

ఇందులో మోసం లేదు. ఉన్న నియమమే అలాంటిది. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే. సగం దాటాలన్న షరతు లేదు. ఒకేచోట ఎక్కువమంది ఉన్నవారికి ఇది కలిసొస్తుంది. ఊరికి పది ఇళ్లుగా చెదిరి ఉన్న దళితులకు, మైనారిటీలకు, పొరుగు రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడ్డ మనలాంటి తెలుగువారికి ఎక్కడా సంఖ్య చాలదు.

మరి ప్రత్యామ్నాయం ఏమిటి? ఒకటి ప్రాధాన్యత ఓటు. కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని అంకెలు వేసిన యువతకు ఇది తెలిసిందే. ఇందులో ఎక్కువమందికి ఇష్టం లేని అభ్యర్థి, ఓట్లు చీలడం వల్ల గెలిచే అవకాశం తగ్గుతుంది. అయితే సీటు ఒక్కటే అయినప్పుడు చిన్న సమూహాలకు దీనివల్ల చోటు దొరకదు.

రెండోది దామాషా పద్ధతి: ఎంత శాతం ఓట్లో అంత శాతం సీట్లు. న్యాయంగానే ఉంది. కానీ జాబితా రాసేది పార్టీ పెద్దలు. పేదవాడి పేరు అందులో ఎక్కడుంటుంది? పింఛను ఆగితే ఏ ఎమ్మెల్యే గుమ్మం తొక్కాలి? రాజ్యాంగ సభలో ఈ పద్ధతి ప్రతిపాదనకు వచ్చినప్పుడు నిరక్షరాస్యతను, ప్రభుత్వ స్థిరత్వాన్ని ప్రస్తావించి డాక్టర్ అంబేడ్కర్ వ్యతిరేకించారు. మొదటి అభ్యంతరం నేడు బలహీనపడింది. రెండోదాన్ని కొట్టిపారేయలేం.

అందుకే రెండింటినీ కలిపిన పద్ధతి వైపు మేము మొగ్గుతున్నాం. నేపాల్ ప్రతినిధుల సభలో 275 మందిలో 165 మందిని నియోజకవర్గాల నుంచి, 110 మందిని దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారు. ఆ జాబితాల్లో స్త్రీలకు, దళితులకు, ఆదివాసులకు చోటివ్వడం తప్పనిసరి. మన లా కమిషన్ కూడా 1999లోనే లోక్‌సభ స్థానాలను 25 శాతం పెంచి, ఆ అదనపు సీట్లను జాబితా పద్ధతిలో నింపాలని సూచించింది. మేము కోరేది రెండు షరతులు: ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు స్థానాలు తగ్గకూడదు, జాబితాల్లో బలహీనులకు చట్టమే చోటు కల్పించాలి.

జమిలి ఎన్నికల మీద, నియోజకవర్గాల పునర్విభజన మీద దేశమంతా మాట్లాడుతోంది. ఓట్లు ఎలా లెక్కించాలన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. యువజన కూటాల్లో ఆ చర్చ మనమే మొదలుపెడదాం. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ దీని మీద మీ వైఖరి ఏమిటని అడుగుదాం.