గట్టు చెక్కి చేను పెంచవద్దు

కోనసీమ వరిచేల మధ్య గట్లు మీరు చూసే ఉంటారు. గట్టు చేలో నీరు నిలుపుతుంది. మనుషులు నడవడానికి దారి కూడా ఇస్తుంది. జానెడు నేల కలిసొస్తుందని గట్టు చెక్కేస్తే ఏమవుతుంది? దారి పోతుంది, తగాదా మిగులుతుంది.

కంప్యూటర్ తెర మీది విండోకు కూడా ఇలాంటి గట్టే ఉంది. చుట్టూ సన్నని అంచు, పైన పేరు చూపే టైటిల్ బార్. 1985 నవంబరులో వచ్చిన మొదటి విండోస్‌లో ప్రోగ్రాముల విండోలు పక్కపక్కనే పరుచుకునేవి. 1987లో వచ్చిన రెండవ విండోస్‌లో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కసాగాయి. అప్పుడు ఏ విండో ఏదో గుర్తించడానికి, పట్టుకుని పక్కకు జరపడానికి అంచూ, పేరూ మరింత అవసరమయ్యాయి.

విండోస్‌లో ఈ గట్టును మామూలుగా ఆపరేటింగ్ సిస్టమే గీసి పెడుతుంది. అది పాతకాలపుదిగా ఉందని కొందరు తీసేసి, తమ సొంత రంగుల పట్టీ పెడతారు. మీరు కూడా పెట్టవచ్చు. పైథాన్ భాషలో టికింటర్‌తో విండో తయారుచేస్తే, ఓవర్‌రైడ్‌రీడైరెక్ట్ అనే ఒక్క ఆజ్ఞ చాలు, అంచూ టైటిల్ బారూ మాయం! కాని వాటితోపాటు ఇంకేమి పోయాయో చూశారా? విండోను మౌసుతో జరపలేము. పెద్దది చేయలేము. మూసే గుర్తు లేదు. విండోస్‌లోనైతే కింది టాస్క్‌బార్‌లో దాని పేరు కూడా కనబడదు. ఇవన్నీ ఇక మీరే రాసి ఇవ్వాలి.

అలంకారం వద్దని నేననను. తీసేసిన ప్రతి సదుపాయాన్నీ తిరిగి ఇవ్వగలిగినప్పుడే తీసేయాలంటాను. చూపు మందగించిన తాతగారు సిస్టమ్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. సిస్టమ్ గీసిన టైటిల్ బార్ ఆ మాట వింటుంది. మీరు గీసినది, మీరు నేర్పితేనే వింటుంది.

మన భాషకు సంబంధించిన చిక్కు మరొకటుంది. గోదావరి పాయ పేరే గల గౌతమి అనే తెలుగు ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. అక్షరాలు దొరికాయి, మరి వాటికి చోటో? ఇంగ్లీషు అక్షరాల్లో కొన్నింటి తోకలే గీత కిందికి దిగుతాయి. మన వత్తులు అంతకంటే కిందికి వేలాడతాయి. ఇంగ్లీషుకు కొలిచి కట్టిన పట్టీలో వాటి అడుగు తెగుతుంది. వత్తు పూర్తిగా తెగితే ‘పుట్ట’ కాస్తా ‘పుట’ అవుతుంది, ‘గుడ్డి’ ‘గుడి’ అవుతుంది! తెలుగు పిల్లలు తయారుచేసే ప్రోగ్రాములో తెలుగు పేరే తెగిపోవడం న్యాయమా?

దీనికి మందు సులువే. పట్టీ ఎత్తును మీ లెక్కతో బిగించకండి. ఒక వరుసకు ఎంత ఎత్తు కావాలో ఆ తెలుగు ఫాంటునే అడగండి. టికింటర్‌లో లైన్‌స్పేస్ అనే కొలత ఆ జవాబు చెబుతుంది. తరువాత ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘ద్రాక్షారామం’ అని రాసి చూడండి. అడుగు తెగకుండా కనబడుతున్నాయా? విండోను జరపగలుగుతున్నారా? మౌసు ముట్టకుండా మూయగలుగుతున్నారా? మూడింటికీ అవునని జవాబు వచ్చాక, ఇష్టమైన రంగులు వేసుకోండి.